మైటోకాండ్రియా కండరాల జబ్బుకి ఆనుకుని తొక్కే సైకిల్: లెవెళ్లు కాదు, వాట్లు చూసి కొనండి

వీపుకి ఆనుడున్న ఈ రికంబెంట్ సైకిల్‌ని షాపుల్లో మోకాళ్ల నొప్పులకని అమ్ముతారు. మైటోకాండ్రియా (కణంలో శక్తిని తయారుచేసే భాగాలు) లోపంతో కండరాలు నీరసించినవాళ్లకి ఇది ఇంకా బాగా పనికొస్తుంది. కాకపోతే ఏ మోడల్ పడితే ఆ మోడల్ కాదు.

1 నుంచి 8 దాకా లెవెళ్లే చూపించి, వాట్లు చూపించని మాగ్నెటిక్ రకాన్ని పక్కన పెట్టేయండి. వాట్లంటే తొక్కే శక్తికి కొలత. శ్రమ పరీక్షలో 60 వాట్ల దగ్గర ఆగిపోయిన మనిషి అందులో 70 శాతంతో తొక్కాలంటే 42 వాట్లు. లెవెల్ ఒక్కటి పెంచితే 20 వాట్లు ఎగబాకే మిషను మీద ఆ మనిషి నేరుగా తన గరిష్ఠాన్ని దాటేస్తాడు. ఆక్సిజన్ సరిగా వాడుకోలేని కండరంలో తయారయ్యే లాక్టేట్ పేరుకుంటుంది, తొడలు బిగుసుకుంటాయి, ఊపిరి అందదు. 5 వాట్ల చొప్పున పెరిగేదే కొనండి.

హ్యాండిల్ మీది పల్స్ రేకుల్ని నమ్మకండి, ఛాతీ బెల్టు వాడండి. వయసుని బట్టి గుండె వేగం లెక్కేసే ఆటో ప్రోగ్రాం అసలొద్దు. రక్తం తెచ్చిన ఆక్సిజన్‌ని కండరం వాడుకోలేదు కనక, కొద్దిపాటి శ్రమకే గుండె పరుగెడుతుంది. అందుకే తెర మీది క్యాలరీల లెక్కా ఉత్తదే.

తొడ పైభాగం బలం తగ్గినవాళ్లకి కూర్చోవడం తేలికే, లేవడమే గండం. సీటు మరీ పల్లంగా ఉండకూడదు, ఫ్రేమ్ మధ్యలోంచి కాలు ఎత్తకుండా దాటేలా ఉండాలి. రెప్పలు వాలిపోయేవాళ్లకి చిన్న అంకెల తెర దండగ.

ఫలితం సంగతికొస్తే, మైటోకాండ్రియా డీఎన్ఏలో ఒకే పెద్ద ముక్క ఊడిపోయిన (డిలీషన్) 8 మంది మీద 2006లో వచ్చిన అధ్యయనంలో 14 వారాల శిక్షణతో ఆక్సిజన్ వాడకం, ఓర్పు పెరిగాయి. చెడ్డ డీఎన్ఏ వాటా మారలేదు. శిక్షణ ఆపేస్తే మాత్రం లాభం పోయింది. అంటే మూడు నెలల అద్దెకి తెచ్చుకునే సరుకు కాదిది.

మొదట ఈసీజీ, ఎకో తప్పనిసరి. ఈ జబ్బులోనే కెర్న్స్-సేయర్ అనే రకంలో గుండె విద్యుత్ దారి అడ్డుపడే ప్రమాదముంది. తర్వాత 10 నిమిషాలతో మొదలుపెట్టి, వారానికి 3 సార్లు. ముందు నిమిషాలు 30 దాకా పెంచండి, ఆ తర్వాతే వాట్లు. పరగడుపున, జ్వరంలో తొక్కకండి. మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే సైకిల్ ఆపి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.