ఏథెన్స్ సంతలో ఏ చిల్లర మేలు: వెండా, కంచా?

ప్రాచీన గ్రీకు నగరం ఏథెన్స్ కోర్టుల్లో జ్యూరీలో కూర్చున్నవాళ్లకు మొదట రోజుకు రెండు ఓబోల్‌లు, అంటే రెండు చిన్న వెండి నాణేలు, ఇచ్చేవారు. క్రీ.పూ. 425 ప్రాంతంలో క్లియాన్ అనే నాయకుడు దాన్ని మూడు చేశాడు. ఆరు ఓబోల్‌లు ఒక డ్రాక్మా కాబట్టి, మూడు ఓబోల్‌లంటే అర డ్రాక్మా. ఆ డబ్బు ఏ రూపంలో చేతికొస్తే సంతలో సుఖం?

ఒకే నాణెంగా, అంటే ట్రయోబోల్‌గా వస్తే 2.15 గ్రాముల వెండి. పారేసుకుంటామన్న టెన్షన్ తక్కువ. చిల్లర దగ్గరే చిక్కు. క్రీ.పూ. 422లో ఆడిన ‘కందిరీగలు’ నాటకంలో హాస్య నాటకకర్త అరిస్టోఫనీస్ అదే చూపించాడు. ఇద్దరు జ్యూరీవాళ్లకు కలిపి ఒక డ్రాక్మా ఇచ్చారు. ఒకడు చేపల బజారులో దాన్ని మార్చి, రెండోవాడి చేతిలో మూడు చేప పొలుసులు పెట్టాడు. పాపం ముసలాయన ఓబోల్‌లే అనుకుని నోట్లో వేసుకున్నాడు. కంపుకి ఉమ్మేశాడు. అప్పట్లో చిల్లర బుగ్గన పెట్టుకోవడం మామూలే లెండి.

నా ఓటు మాత్రం ఓబోల్‌కే. 0.72 గ్రాములు, మన కంసాలి లెక్కలో ఆరు గురిగింజల ఎత్తు. అందులో సగమైన హెమిఓబోల్‌తోనూ ఎలాగో నెట్టుకురావచ్చు. పావు ఓబోల్ టెటార్టెమోరియన్ మాత్రం గురిగింజన్నరే, కింద పడితే వెతకడం దండగ. దాన్నీ ఒక్కొక్కటిగా అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టాల్సిందే. దాని మీద నెలవంక బొమ్మ, ముప్పావు ఓబోల్ మీద మూడు నెలవంకలు. చూపు ఆనినవాడికి లెక్క ఇట్టే తెలుస్తుంది.

మరి కంచు? ఖాల్కూస్ అనే కంచు నాణేలు ఓబోల్‌కు ఎనిమిది. వేళ్లకు దొరికే సైజు, చిన్న బేరాలకు హాయి. కానీ దాని విలువ లోహంలో లేదు, ఊరి మాటలో ఉంది. అరిస్టోఫనీస్‌దే ఇంకో నాటకంలో ఒకడు ద్రాక్షలు అమ్మి, బుగ్గ నిండా కంచు నాణేలతో బార్లీ పిండి కొనబోతాడు. సంచి చాచాడో లేదో చాటింపు: ఇకపై కంచు చెల్లదు, వెండే వాడాలి!

అయినా క్రీ.పూ. 4వ శతాబ్ది మధ్యకల్లా ఏథెన్స్ కంచు చిల్లరకే అలవాటు పడింది. పావు ఓబోల్ బేరానికి నేనైనా కంచే తీసుకుంటాను. ఊరు దాటితే మాత్రం వెండే. అక్కడా తూకం చూసుకోవాలి: పక్కనున్న ఏజీనా దీవిలో ఓబోల్ అంటే దాదాపు గ్రాము.