18 వోల్టుల ప్యాక్‌కి సెల్స్ మార్చాక మూడు ఎండాకాలాల వాడకం

ఈ సమీక్ష కార్డ్‌లెస్ డ్రిల్, గ్రైండర్ లాంటివాటికి పెట్టే మూడు లిథియం బ్యాటరీ ప్యాకుల మీద. మూడూ 18 వోల్టులు, 5 ఆంపియర్ అవర్‌వి. ఒకటి కోఠిలో ఒక దుకాణం వాళ్లు తమ దగ్గరున్న సెల్స్‌తోనే కట్టిచ్చింది. రెండోదానికి సెల్స్ విడిగా కొని, స్పాట్ వెల్డింగ్ మాత్రం బయట చేయించి, మిగతా పని షెడ్‌లోనే పూర్తిచేశాం. మూడోది ఆన్‌లైన్‌లో దొరికే డూప్లికేట్ ప్యాక్. హామర్ డ్రిల్, ఇంపాక్ట్ డ్రైవర్, నాలుగంగుళాల గ్రైండర్, ఈ మూడింటి మీదే మార్చి మార్చి వాడాం. సెల్స్ ఎంచుకుని కొన్న ప్యాక్ ఇప్పటికీ గ్రైండర్‌ని తిప్పుతోంది. దుకాణం సెల్స్‌ది ఆరు నెలలకే గ్రైండర్ మీద చేతులెత్తేసింది, స్క్రూలు బిగించడానికి ఇంకో ఏడాది లాగింది. డూప్లికేట్ మొదటి ఎండాకాలమే దాటలేదు.

ముందు లోపల ఏముందో చూద్దాం. 5 ఆంపియర్ అవర్ ప్యాక్‌లో సాధారణంగా పది సెల్స్ ఉంటాయి. రెండేసి సెల్స్ పక్కపక్కనే కలిపితే ఒక వరుస, అలాంటి ఐదు వరుసలు ఒకదాని వెనక ఒకటి. సెల్‌కి 3.6 చొప్పున ఐదు వరుసలు కలిసి 18 వోల్టులు, ఫుల్ చార్జ్‌లో 4.2 చొప్పున 21. డబ్బా మీద "20 వోల్ట్ మ్యాక్స్" అని రాసినవాటిలోనూ ఇవే ఐదు వరుసలు, పేరు మాత్రమే వేరు. చిన్న 12 వోల్టుల డ్రిల్స్‌లో మూడు వరుసలే.

ప్యాక్ పోయిందంటే పది సెల్సూ ఒక్కసారి పోయినట్టు కాదు. మా పాత ప్యాక్ విప్పి వరుసకో కొలత తీస్తే 3.92, 3.91, 3.93, 3.90, చివరి వరుస 2.35. కలిపితే 18.01. అంటే బయట టెర్మినల్స్ మీద మీటర్ పెట్టి చూసినవాళ్లకి ప్యాక్ శుభ్రంగా ఉన్నట్టే కనిపిస్తుంది. డ్రిల్ మాత్రం రెండు సెకన్లు తిరిగి ఆగిపోతుంది, చార్జర్‌లో పెడితే ఎర్ర లైటు కొట్టుకుంటుంది. చాలా ప్యాకుల్లో వరుసల్ని సమం చేసే ఏర్పాటు ఉండదు. కొన్నిట్లో ప్యాక్ లోపలి సర్క్యూట్ బోర్డు తనకి కావలసిన కరెంటుని ఒకే వరుస నుంచి తీసుకుంటుంది. నెలల తరబడి వాడకుండా పక్కన పడేస్తే ఆ వరుసే ముందు దిగిపోతుంది. అందుకే మొత్తం వోల్టేజీ చూసి ఏ నిర్ణయానికీ రావద్దు, విప్పి వరుసవరుసగా కొలవాల్సిందే.

విప్పేముందు డ్రిల్ తిప్పి చార్జ్ వీలైనంత దించేయండి. ఉంగరం, గడియారం తీసేయండి. ఎక్కువ ప్యాకులకి మధ్యలో బొడిపె ఉన్న స్టార్ స్క్రూలుంటాయి, వాటికి నడుమ రంధ్రం ఉన్న టీ10 బిట్ కావాలి. ఒక స్క్రూ స్టిక్కర్ కిందో, ప్లాస్టిక్ మూత కిందో దాగి ఉంటుంది. అది చూడకుండా లాగితే పై డొప్ప పగులుతుంది.

దిగిపోయిన వరుస 2.5 వోల్టుల పైన ఉంటే సెల్స్ మార్చకముందు ఒక ప్రయత్నం చేయొచ్చు. టీపీ4056 చిప్ ఉన్న చిన్న చార్జింగ్ బోర్డుతో ఆ ఒక్క వరుసకే చార్జ్ పెట్టి మిగతావాటితో సమానం చేసి, రెండు రోజులు ముట్టుకోకుండా ఉంచండి. నిలబడితే రోగం సెల్స్‌ది కాదు, వరుసల మధ్య తేడాదే. మళ్లీ జారిపోతే సెల్ పోయినట్టే. వారాల తరబడి 2 వోల్టుల కింద పడి ఉన్న సెల్‌ని మాత్రం లేపొద్దు. లోపలి రాగి రేకు కొంత కరిగి ఉంటుంది, తిరిగి చార్జ్ చేస్తే ఆ రాగి ఎక్కడపడితే అక్కడ పేరుకుని లోపలే షార్ట్ అవుతుంది. "జంప్ ఇచ్చి లేపుతాం" అనేవాళ్ల చేతికి ప్యాక్ ఇవ్వకండి.

పోయిన వరుసలో రెండు సెల్స్ మాత్రమే మార్చి తక్కువలో చేసిస్తామని చాలాచోట్ల అంటారు. అదీ వద్దు. కొత్త వరుస నిబ్బరంగా ఉంటుంది, పాత నాలుగింటిలో ఏది నీరసంగా ఉంటే అది తర్వాత పడిపోతుంది. కూలి రెండుసార్లు పోస్తాం. మార్చితే పదీ మార్చాలి, పదీ ఒకే బ్యాచ్‌వి కావాలి.

ఇప్పుడు అసలు విషయం, సెల్ ఎంపిక. దుకాణంలో అడిగేది ఎప్పుడూ ఎంఏహెచ్ (వెయ్యి ఎంఏహెచ్ అంటే ఒక ఆంపియర్ అవర్) ఎంత అనే. డ్రిల్‌కి, గ్రైండర్‌కి అడగాల్సింది అది కాదు. సెల్ ఆగకుండా ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదు, దాని లోపలి నిరోధం ఎంత (ఇది ఎక్కువైతే కరెంటు లాగినప్పుడు వోల్టేజీ పడిపోతుంది), ఇవి ముఖ్యం. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల్లోంచి తీసిన 2200 ఎంఏహెచ్ సెల్ నాలుగైదు ఆంపియర్లకే ఆయాసపడుతుంది. గ్రైండర్ డిస్క్ ఇనుములో దిగినప్పుడు ప్యాక్ నుంచి 25 ఆంపియర్లు లాగడం మామూలే. రెండు సెల్స్ పంచుకున్నా ఒక్కోదాని మీద పన్నెండున్నర పడుతుంది. శాంసంగ్ 25ఆర్ 2500 ఎంఏహెచ్, 20 ఆంపియర్లు. మోలిసెల్ పీ28ఏ 2800 ఎంఏహెచ్, 35 ఆంపియర్లు. ఈ తరగతివి కావాలి. మా రెండో ప్యాక్‌లో ఉన్నవి 25ఆర్‌లే.

ఈ తేడాని కంటితో చూడాలంటే లారీ స్పేర్ పార్ట్స్ దుకాణంలో రెండు బల్బులు కొంటే చాలు. ఒకటి 24 వోల్టుల 21 వాట్ల ఇండికేటర్ బల్బు, ఇంకొకటి 24 వోల్టుల 70 వాట్ల హెడ్‌లైట్ బల్బు. 21 వాట్లది ప్యాక్ మీద సుమారు 0.8 ఆంపియర్లు తీసుకుంటుంది. ఫుల్ చార్జ్ నుంచి 15 వోల్టులకి దిగేదాకా ఎన్ని గంటలు వెలిగిందో చూస్తే కెపాసిటీ లెక్క వచ్చేస్తుంది. 5 ఆంపియర్ అవర్ ప్యాక్ ఆరు గంటలు వెలగాలి. దుకాణం కట్టిచ్చిన ప్యాక్ ఈ పరీక్షలో అయిదున్నర గంటలు వెలిగింది, మాట పడనివ్వలేదు. అసలు రంగు హెడ్‌లైట్ బల్బు పెట్టినప్పుడు బయటపడింది. 2.7 ఆంపియర్ల దగ్గర వరుసకి 0.2 వోల్టు పడిపోయింది. అదే బల్బుకి 25ఆర్‌ల ప్యాక్‌లో పడింది 0.03. గ్రైండర్ 25 ఆంపియర్లు లాగితే మొదటిదాంట్లో వరుసకి దాదాపు రెండు వోల్టులు హరించుకుపోతాయి. ఐదు వరుసలకి తొమ్మిది పైచిలుకు. గ్రైండర్ ఎందుకు ఆగుతోందో ఇక వేరే చెప్పాలా? బ్యాకప్ ఉంది, పుల్లింగ్ లేదు. తర్వాత విప్పి చూస్తే పాత సెల్స్‌కి కొత్త ప్లాస్టిక్ తొడుగు వేసి ఉంది.

నకిలీని పట్టడానికి వంటింటి డిజిటల్ త్రాసు చాలు. ఈ తరగతి 18650 సెల్ (18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 పొడవు) బరువు 45 గ్రాములకి అటూ ఇటూ ఉంటుంది, 35 గ్రాములు తూగితే పక్కన పెట్టేయండి. 9900 ఎంఏహెచ్ అని అచ్చువేసినవి చేత్తో కూడా ముట్టుకోవద్దు. ఆ సైజులో అసలు సెల్స్ కూడా 3600, మహా అయితే 4000 దగ్గరే ఆగిపోతాయి.

స్పాట్ వెల్డింగ్ కోఠి గుజరాతీ గల్లీ చుట్టుపక్కల చేసిస్తారు. ముందు అడగాల్సింది సెల్స్‌ని కలిపే నికెల్ పట్టీ గురించి. అసలు నికెల్‌కి, నికెల్ పూత వేసిన ఇనుముకి చూపులో తేడా తెలియదు. అయస్కాంతం రెండింటికీ అంటుకుంటుంది కాబట్టి ఆ పరీక్ష దండగ. పట్టీ మీద గోరంత మేర ఆకురాయితో గీకి, ఉప్పునీళ్లలో రాత్రంతా ఉంచితే ఇనుముదైతే తెల్లారేసరికి తుప్పు కనిపిస్తుంది. పట్టీ 8 మిల్లీమీటర్ల వెడల్పు, 0.15 మందం ఉంటే వరుసల మధ్య రెండు పొరలు వేయించండి. ఒక్క పొరైతే గ్రైండర్ పనిలో పట్టీయే వేడెక్కి ఆ వేడి సెల్‌లోకి దిగుతుంది.

వెల్డింగ్ గట్టిదో కాదో పాత సెల్ మీద ముక్క పట్టీ అతికించి చూపించమనండి. కట్టింగ్ ప్లేయర్‌తో పీకితే పట్టీ చిరిగి, చుక్కలు సెల్ మీదే మిగలాలి. పట్టీ మొత్తం శుభ్రంగా ఊడొచ్చిందంటే మెషీన్ కరెంటు చాలలేదు. సోల్డరింగ్ ఐరన్‌తో నేరుగా సెల్‌కి అతికిస్తానంటే ఒప్పుకోవద్దు, ఆ వేడికి లోపలి పొర దెబ్బతింటుంది.

ప్లస్ వైపు ప్రతి సెల్‌కీ అట్ట రింగు పడాలి. సెల్ ఒళ్లంతా మైనస్సే, ప్లస్ బొడిపె అంచున కూడా తొడుగు కిందే మైనస్ ఉంది. పట్టీ ఆ అంచుని కాస్త ఒరుసుకుంటే చాలు, షార్ట్. ఈ రింగు ఖర్చు లెక్కలోకే రాదు, అయినా మా మొదటి ప్యాక్‌లో రెండు సెల్స్‌కి అది లేదు.

కట్టేముందు పది సెల్సూ ఒకే వోల్టేజీకి తేవాలి. వరుసల మధ్య 0.02 కంటే తేడా ఉండకూడదు. బోర్డు వైర్లు మైనస్ చివర నుంచి మొదలుపెట్టి ఒక్కో వరుసా పైకి అతికిస్తూ ప్లస్ చివరికి రావాలి, విప్పేటప్పుడు తిరగవరస. వేడిని కొలిచే చిన్న సెన్సర్ సెల్‌కి ఆనుకునే ఉండాలి. గాల్లో వదిలేస్తే చార్జర్‌కి అబద్ధం చెబుతుంది.

ఇంకో చిక్కు బోర్డుతోనే. కొన్ని కంపెనీల బోర్డులు చార్జింగ్ పదేపదే ఫెయిలైతే ఆ సంగతి చిప్‌లో రాసుకుని తాళం వేసుకుంటాయి. కొత్త సెల్స్ వేసినా చార్జ్ తీసుకోవు. అందుకే చార్జర్ ఒకసారి రెడ్ చూపించాక మళ్లీ మళ్లీ గుచ్చి చూడొద్దు. మీ మోడల్ ఈ రకమో కాదో సెల్స్ కొనకముందే కనుక్కోండి.

డూప్లికేట్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. 5 ఆంపియర్ అవర్ అన్నది ఇండికేటర్ బల్బు మీద మూడున్నర గంటలు కూడా వెలగలేదు. విప్పితే వరుసల నుంచి బోర్డుకి వైర్లే లేవు, వేడి సెన్సర్ ఉండాల్సిన చోట మామూలు రెసిస్టర్ ఉంది. మే నెల నడిమధ్యలో ఒక వరుస 1.1 వోల్టుకి పడిపోయింది. అప్పటికి మంట రాలేదన్నదే దాని మంచి.

ఎండ సంగతి ఇక్కడ తక్కువ చేసి చూడకూడదు. లిథియం సెల్స్‌కి చార్జింగ్ 45 డిగ్రీల లోపే జరగాలి. మే నెలలో రేకుల షెడ్ కింద గాలే ఆ దరిదాపుల్లో ఉంటుంది, గ్రైండర్ నుంచి తీసిన ప్యాక్ చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. అరగంట నీడలో, ఫ్యాన్ కింద పెట్టాకే చార్జర్‌కి. ఫ్రిజ్‌లో పెడితే తడి పట్టి బోర్డు పోతుంది. మూడు ఎండాకాలాలు గడిచిన రెండో ప్యాక్ ఇండికేటర్ బల్బు మీద ఇప్పుడు అయిదుంబావు గంటలు వెలుగుతోంది, హెడ్‌లైట్ బల్బుకి వరుసకి పడేది 0.05 వోల్టు. దీని గుట్టు సెల్స్‌లో సగం, ఈ అరగంటలో సగం. వాన రోజుల్లో పని లేకపోతే 18.5 వోల్టుల దగ్గర ఉంచి పక్కన పెడతాం, నెలకోసారి కొలుస్తాం.

పాత నికెల్ కాడ్మియం డ్రిల్ ఉన్నవాళ్లకి ఒక మాట. 18 వోల్టులకి 1.2 చొప్పున 15 సబ్-సీ సెల్స్ కావాలి. అన్నీ కొనే డబ్బుకి ఇంకాస్త వేస్తే కొత్త లిథియం డ్రిల్ వస్తుంది. లిథియంలో కూడా సెల్స్, పట్టీ, కూలి కలిపి ఒరిజినల్ ప్యాక్ ధరలో అరవై శాతం దాటుతుంటే ఒరిజినలే కొనండి. వరుసకి ఒకే సెల్ ఉండే 2 ఆంపియర్ అవర్ ప్యాకులకి తరచూ ఇదే జరుగుతుంది.

తీసేసిన సెల్స్‌ని స్వచ్ఛ ఆటోలో వేయొద్దు, ఇనుప సామానువాళ్లకి తూకానికి ఇవ్వొద్దు. చెత్తలో నలిగితే అంటుకుంటాయి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడిన బ్యాటరీని ఇంటి చెత్తలో కలపకూడదు, సేకరణ కేంద్రానికో రీసైక్లర్‌కో అప్పగించాలి. అప్పటిదాకా రెండు చివర్లకీ ఇన్సులేషన్ టేపు చుట్టి, ఇసుక పోసిన రేకు డబ్బాలో, షెడ్ బయట నీడపట్టున ఉంచండి.