హన్మకొండ చౌరస్తా కాడ టెండర్ పేపర్లు చేసిపెట్టే ఆఫీస్: పని మంచిదే, ఫోనే ఎత్తరు

డిఫెన్స్ సప్లై అంటే పెద్ద కంపెనీలకే అనుకునేటోళ్లు ఒకసారి పోయి మాట్లాడుండ్రి. మాది మడికొండల చిన్న లేత్ షెడ్డు. 2025 నవంబర్ 1 నుంచి కొత్త డిఫెన్స్ ప్రొక్యూర్‌మెంట్ మాన్యువల్ (రక్షణ శాఖ సామాన్లు కొనే రూల్స్ బుక్కు) నడుస్తుంది కదా, అండ్ల కొత్త ఐటం డెవలప్ చేసే టైంల లేటైనా పెనాల్టీ లేదు, ఐదేండ్ల దాక ఆర్డర్ గ్యారంటీ కూడ ఇయ్యొచ్చు అని ఆ ఆఫీస్ అన్న పేజీ తీసి వేలు పెట్టి మరీ చూపెట్టిండు. సర్కారు ఆన్‌లైన్ల సామాన్లు కొనే జెమ్ పోర్టల్ల రిజిస్ట్రేషన్, చిన్న పరిశ్రమలకిచ్చే ఉద్యం సర్టిఫికెట్, డ్రాయింగులు స్కాన్ చేసుడు అన్నీ ఆళ్లే. ఫీజు జర ఎక్కువనే గానీ బేరమాడితే తగ్గిస్తరు. ఫోన్ మాత్రం ఎత్తరు, పొద్దుగాల డైరెక్ట్ పోవుడే. బిడ్ లాస్ట్ డేట్ దాక ఆగి పోకుండ్రి, ఆ రోజు స్కానర్ కాడ లైన్ రేషన్ షాపు లెక్కుంటది.