ఆర్థర్ రాజు అభిమానుల పాత పత్రికలు: స్కాన్ చేయాలా, లైబ్రరీకి ఇవ్వాలా?

బ్రిటన్ పాత కథల్లోని ఆర్థర్ రాజంటే పిచ్చి ఉన్నవాళ్లు అక్కడ ఇంట్లోనే తయారుచేసుకున్న చిన్న పత్రికలు ఒక కట్ట దొరికితే ఏం చేయాలని చాలామంది అడుగుతూనే ఉన్నారు. ఆర్థర్ అభిమానుల సంఘం పెండ్రాగన్ సొసైటీ 1959లోనే మొదలైంది. 1966-70 మధ్య ఇంగ్లండ్‌లోని సౌత్ క్యాడ్‌బరీ గుట్ట మీద పురావస్తు శాస్త్రవేత్త లెస్లీ ఆల్కాక్ తవ్వకాలు జరిపినప్పుడు ‘ఆర్థర్ కోట కామెలాట్ ఇదేనా?’ అన్న ఉత్సాహం ఇంకా పెరిగింది.

నేనైతే ముందు సిరా చూస్తాను. సైక్లోస్టైల్ (స్టెన్సిల్‌తో కాపీలు తీసే పద్ధతి) నల్ల సిరా గట్టిది, సాధారణంగా దానికంటే ముందు కాగితమే పొడిపొడి అయిపోతుంది. స్పిరిట్ డూప్లికేటర్ అనే పాత కాపీ యంత్రం ఊదారంగు అలా కాదు, వెలుతురు తగిలితే వెలిసిపోతుంది. ఈమధ్య నా చేతికొచ్చిన ఒక సంచిక అట్ట మీద, సరస్సులోంచి కత్తి పట్టుకుని లేచిన చెయ్యి బొమ్మ ఉంది. పైన ఇంకో సంచిక కప్పి ఉన్నంత మేర కత్తి ఊదాగానే ఉంది, చెయ్యి మాత్రం దాదాపు మాయమైంది.

అందుకే ఊదా పేజీలైతే ముందు స్కానింగే, ఇందులో రెండో మాట లేదు. కలర్‌లో, కనీసం 400 డీపీఐలో చేయండి. బ్లాక్ అండ్ వైట్ పెడితే పలచబడ్డ అక్షరాలు కాగితంలో కలిసిపోతాయి. అసలు కాపీగా టిఫ్ ఫైల్ దాచి, చదవడానికి పీడీఎఫ్ చేసుకోండి. పాఠకుల ఉత్తరాల పేజీ వదలొద్దు, అసలు కొట్లాటలన్నీ అక్కడే! నెట్‌లో పెట్టడం మాత్రం వేరే సంగతి. బ్రిటన్‌లో కాపీరైట్ రచయిత పోయాక 70 ఏళ్లు ఉంటుంది. ఎవరి వ్యాసం హక్కు మామూలుగా వాళ్లదే కాబట్టి ఎడిటర్ ఒక్కడు సరేనంటే చాలదు.

నల్ల సిరా పత్రికలైతే నేరుగా లైబ్రరీకి ఇవ్వడమే నాకు నచ్చుతుంది. బ్రిటన్‌లో అచ్చయిన ప్రతిదీ నెల లోపు ఒక కాపీ బ్రిటిష్ లైబ్రరీకి పంపాలన్నది చట్టం. అలాగని ఇంటి పత్రికలన్నీ చేరి ఉంటాయనుకోవద్దు. కేటలాగ్‌లో లేని సంచికలేవో చూసుకుని, ముందు అడిగి పంపండి.

పెట్టెలో దాచుకోవడం అప్పటిదాకా సరిపోతుంది. తుప్పు పట్టిన పిన్నులు తీసేయండి. పీవీసీ కవర్లు వద్దు, జిరాక్స్ అక్షరాలు వాటికే అతుక్కుంటాయి. లామినేషన్ అసలే వద్దు, ఒకసారి చేశాక కాగితం మళ్లీ బయటికి రాదు.