నానో పసుపు క్యాప్సూల్స్: ఒక డబ్బా పూర్తయ్యాక

నేను ఆర్టీసీ కండక్టర్ని. విజయనగరం–పాలకొండ రూటు. ఆరేళ్లుగా అల్సరేటివ్ కొలైటిస్ ఉంది, అంటే పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడటం. చీపురుపల్లి దాటాక కడుపు మెలిపెడితే రాజాం వచ్చేదాకా నేను పడే టెన్షన్ డ్రైవరుకే తెలుసు. మెసలమిన్ మాత్రలతో చాలావరకు అదుపులో ఉంది.

ఈ నానో కర్క్యుమిన్ క్యాప్సూల్స్, అంటే పసుపులో ఉండే కర్క్యుమిన్ అనే పదార్థాన్ని అతి సన్నని కణాలుగా చేసి నింపినవి, గంటస్తంభం దగ్గర ఒక షాపులో కొన్నాను. డబ్బాలో 60, ధర 1,450 రూపాయలు. రోజుకొకటి. "మాస్టారూ, ఇది మొదలెట్టాక ఇంగ్లీషు మందు ఆపేయొచ్చు" అన్నాడు షాపాయన. నేను ఆపలేదు. ఆ మాట విని ఎవరూ ఆపకండి.

మొదటి వారం విరేచనం నారింజ రంగులో వచ్చింది. రోజూ పొద్దున్నే రక్తం ఉందేమోనని చూసుకునేవాడికి అదెంత భయమో! పసుపు రంగే అది, డబ్బా మీద ఒక్క ముక్క రాసి ఉంటే బాగుండేది.

డబ్బా మీద ఉన్నదల్లా 'ఎన్నో రెట్లు ఎక్కువగా ఒంటికి పడుతుంది' అనే. నిజమే, కర్క్యుమిన్ నీళ్లలో కరగదు, మామూలుగా తింటే చాలావరకు అలాగే బయటికి పోతుంది. నానో సైజుకు చేస్తే రక్తంలోకి ఎక్కువ చేరుతుంది. కానీ నా పుండు ఉన్నది పెద్దపేగులో కదా! మందు అక్కడిదాకా దిగుతుందా లేదా అన్నది ఎక్కడా రాయలేదు. జపాన్‌లో 2006లో వచ్చిన పరీక్షలో 89 మందికి వాడింది మామూలు కర్క్యుమినే. మెసలమిన్ లాంటి మందులతో పాటు రోజుకు 2 గ్రాములు ఇస్తే, ఆరు నెలల్లో జబ్బు తిరగబెట్టినవాళ్లు 5 శాతం లోపు, కర్క్యుమిన్ ఇవ్వనివాళ్లలో 20 శాతం. నానోతో ఇరాన్‌లో 56 మంది మీద చేసిన చిన్న పరీక్షలో కొంత గుణం కనిపించింది. అందులోనూ మెసలమిన్ ఆపలేదు, 80 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు ఇచ్చారు. నా క్యాప్సూల్లోనూ 80 మిల్లీగ్రాములే, కానీ వేసుకోమన్నది ఒకటే.

డబ్బాలో పెట్టిన కాగితం మీద అల్లం బొమ్మ, 'అమెరికా పరిశోధన' అని గొప్పలు. అల్లం నుంచి తీసిన నానో కణాలు కొలైటిస్‌ను తగ్గించాయని జార్జియా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 2016లో చెప్పిన మాట నిజమే. అయితే అది ఎలుకల్లో. పైగా ఈ డబ్బాలో అల్లమే లేదు.

రెండు నెలల తర్వాత కూడా దొడ్డికి వెళ్లే లెక్క మారలేదు. మల పరీక్షలోనూ వాపు తగ్గలేదు. విశాఖలో మా డాక్టరుగారు లివర్ పరీక్ష కూడా చేయించారు. బాగా ఒంటికి పట్టే పసుపు క్యాప్సూల్స్‌తో కొందరికి లివర్ దెబ్బతిందట. నాకు నార్మల్ వచ్చింది. ఆయనకు ముందే చెప్పి మొదలుపెట్టాల్సింది, తప్పు నాదే.

నిలబడి నిలబడి లాగే మోకాళ్లు మాత్రం కాస్త తేలికపడ్డాయి. అందుకే 5కి 2.

షాపాయన మొన్న మా బస్సే ఎక్కి "ఎలా ఉంది మాస్టారూ?" అన్నాడు. మోకాళ్లు బాగున్నాయని చెప్పి రాజాం టికెట్టు కొట్టాను.