సెకండ్‌హ్యాండ్ సెడాన్‌కు ఏ ఇంజిన్? డీజిల్, పెట్రోల్ డిజైర్లు రెండూ ఏళ్ళపాటు నడిపాక

నల్లగొండలో ఏ కార్ల కన్సల్టెన్సీకి పోయినా మొదట వినపడే మాట ఇదే: "డీజిల్ బండి సార్, లీటరుకు ఇరవై రెండు ఇస్తది." అబద్ధమేం కాదు. నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కి ఎనభై మీద నిలకడగా పోతే 1.3 లీటర్ల డీజిల్ ఇంజిన్ ఉన్న మారుతి డిజైర్ ఇరవై రెండు ఇస్తుంది. అదే బండి గడియారం సెంటర్ చుట్టూ, స్కూలుకూ మార్కెట్‌కూ తిరిగితే పదహారు, పదిహేడు. మైలేజ్ తగ్గడం చిన్న సంగతి. ఆ చిన్న చిన్న తిరుగుళ్ళలో డీజిల్ ఇంజిన్ లోపల జరిగేదే పెద్ద సంగతి, అది మైలేజ్ అంకెలో కనపడదు.

ఈ సమీక్ష ఒకే వాకిట్లో ఉన్న రెండు బండ్ల మీద రాస్తున్నది. ఒకటి 2014 డీజిల్ డిజైర్, ఇప్పటికి లక్షా అరవై వేలు తిరిగింది. రెండోది 2018 పెట్రోల్ డిజైర్, డెబ్బై వేలు దాటింది. రెండూ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవే. పెట్రోల్ బండి ఏసీతో ఊళ్ళో పదమూడు, హైవే మీద పదిహేడు పద్దెనిమిది ఇస్తోంది.

కొనేవాళ్ళు తమను తాము అడగాల్సిన ప్రశ్న లీటరుకు ఎంత అని కాదు. ఒకసారి సెల్ఫ్ కొడితే బండి ఆగకుండా ఎన్ని కిలోమీటర్లు పోతుంది? నాలుగైదు కిలోమీటర్లే అయితే డీజిల్ జోలికి పోవద్దు. ముప్పై నలభై అయితే డీజిల్ ముచ్చట ఎత్తవచ్చు.

కారణం ఇది. డీజిల్ ఇంజిన్ వేడెక్కడానికి పెట్రోల్ కంటే ఎక్కువ సేపు పడుతుంది. పొగలో కొంత భాగాన్ని ఈజీఆర్ వాల్వ్ తిరిగి ఇంజిన్‌లోకి పంపుతుంది. ఆ మసి, ఇంజిన్ లోపలి ఆయిల్ ఆవిరితో కలిసి ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పోయే గొట్టాల గుత్తి) గోడలకు తారులా పేరుకుంటుంది. గాలి దారి సన్నబడుతుంది, పికప్ పోతుంది, రేస్ ఇస్తే నల్ల పొగ కొడుతుంది. మ్యానిఫోల్డ్ విప్పి గోకి కడిగితే బండి మళ్ళీ లేస్తుంది కానీ వాడకం మారకపోతే మళ్ళీ అదే కథ. వారానికొకసారైనా అరగంట హైవే మీద రెండు వేల ఆర్పీఎం పైన నడిచే బండిలో ఈ బాధ చాలా తక్కువ.

2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణం) డీజిల్ సెడాన్లలో, అంటే అమేజ్, ఆరా, వెర్నా లాంటివాటిలో, దీనికి డీపీఎఫ్ తోడైంది. సైలెన్సర్ దారిలో మసిని పట్టే జల్లెడ అది. నిండినప్పుడు ఎక్కువ వేడితో దాన్ని తనే కాల్చుకుంటుంది, కాకపోతే బండి వేడెక్కి కాసేపు ఆగకుండా పరుగెత్తాలి. కాలుతుండగా మధ్యలో బండి ఆపేసే అలవాటుంటే, కాల్చడానికని అదనంగా వదిలిన డీజిల్ సిలిండర్ గోడల మీదుగా జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ గేజ్ తీసి చూస్తే మట్టం పై గీత దాటి ఉంటుంది, వాసన చూస్తే డీజిల్ కంపు కొడుతుంది. "ఆయిల్ తగ్గలే సార్, పెరిగింది" అని అమ్మేవాడు గొప్పగా చెప్తే అక్కడి నుంచి లేచి రావడమే.

ఇక డబ్బు లెక్క. పెట్రోల్ 107, డీజిల్ 96 అనుకుందాం. పెట్రోల్ బండి సగటున పదిహేను ఇస్తే కిలోమీటరుకు 7 రూపాయల 13 పైసలు, డీజిల్ ఇరవై ఇస్తే 4 రూపాయల 80 పైసలు. తేడా 2 రూపాయల 33 పైసలు. నెలకు 700 కిలోమీటర్లు తిరిగే ఇంటికి ఏడాదికి మిగిలేది ఇరవై వేలకు కాస్త తక్కువ. నెలకు 1,500 తిరిగితే నలభై రెండు వేల దాకా. పాత డీజిల్‌లో నాలుగు ఇంజెక్టర్లు (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మేవి), టర్బో (గాలిని ఒత్తిడితో ఇంజిన్‌లోకి నెట్టేది) ఒకేసారి చేయించాల్సి వస్తే మొదటి ఇంటికి మూడు నాలుగేళ్ళ మిగులు ఒక్క దెబ్బకు పోతుంది, రెండో ఇల్లు తట్టుకుంటుంది. కాబట్టి నెలకు వెయ్యి లోపైతే పెట్రోలే. పదిహేను వందలు దాటి, అందులో ఎక్కువ భాగం హైవే అయితే డీజిల్. మధ్యలో ఉన్నవాళ్ళు పైన చెప్పిన సెల్ఫ్ లెక్క చూసుకోవాలి.

నడపడంలో తేడా శ్రీశైలం దారిలో బాగా తెలుస్తుంది. 1,248 సీసీ డీజిల్ 190 ఎన్ఎం టార్కు, అంటే లాగే బలం, రెండు వేల ఆర్పీఎం దగ్గరే ఇస్తుంది. 1,197 సీసీ పెట్రోల్ ఇచ్చేది 113, అదీ 4,200 దగ్గర. మన్ననూరు దాటి ఘాట్ ఎక్కేటప్పుడు ఐదుగురు మనుషులు, నిండు డిక్కీ, ఏసీ ఉంటే డీజిల్ మూడో గేర్‌లో లాగే మలుపులో పెట్రోల్ రెండో గేర్ అడుగుతుంది. ఇబ్బందేమీ లేదు, రేస్ ఎక్కువ ఇవ్వడానికి మనసు ఒప్పాలంతే. డీజిల్‌కూ ఒక లోపం ఉంది: 1,800 లోపు టర్బో నిద్రలో ఉంటుంది. ట్రాఫిక్‌లో రెండో గేర్‌లో మెల్లగా పోతూ ఒక్కసారి తొక్కితే ముందు ఏమీ జరగదు, తర్వాత ఒక్కసారిగా దూకుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఇంట్లో ఉంటే ఇదీ గుర్తుపెట్టుకోవాలి. పైగా డీజిల్ ముందు భాగం వంద కిలోల దాకా బరువెక్కువ. లోయర్ ఆర్మ్ బుష్‌లు, ముందు టైర్లు ఆ మేరకు ముందే అరుగుతాయి.

ఇప్పుడు ఏ ఇంజిన్ ఏమిటో.

డీజిల్ డిజైర్‌లోని ఆ 1.3 ఇంజిన్ పేరు మల్టీజెట్, అది ఫియట్‌ది. మారుతి, టాటా, ఫియట్ మూడూ వాడాయి కాబట్టి విడిభాగాలకు, తెలిసిన మేస్త్రీకి జడ్చర్లలోనూ మిర్యాలగూడలోనూ కరువు లేదు. డిజైర్‌లోది 75 పీఎస్ (ఇంజిన్ శక్తి కొలత, ఇంచుమించు హార్స్‌పవర్), టర్బో సాదాది. ఎస్ఎక్స్4, మాంజా, సియాజ్‌లలో వచ్చిన 90 పీఎస్ రకానికి టర్బోలో కదిలే రెక్కలుంటాయి. పికప్ బాగుంటుంది, చెడిపోయే భాగాలూ ఎక్కువే. వాల్వులను పిస్టన్లతో సరైన వేళకు కదిలించడానికి ఈ ఇంజిన్‌కు టైమింగ్ చైన్ ఉంటుంది, బెల్ట్ కాదు. చైన్ అంటే జన్మకు మార్చక్కర్లేదని చాలామంది అనుకుంటారు. పట్టేది మూడు లీటర్ల చిల్లర ఆయిల్ మాత్రమే, అది ఒక లీటరు తగ్గినా చైన్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్‌కు ప్రెషర్ చాలదు, చైన్ సాగుతుంది. పొద్దున సెల్ఫ్ కొట్టగానే గొలుసు గలగల రెండు మూడు సెకన్లకు మించి వినపడితే అదే గుర్తు.

మారుతి కె12 పెట్రోల్‌లో చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, అదే దాని గొప్ప. ప్లగ్గులు, థ్రాటిల్ బాడీ కడగడం, ఇంజిన్ మౌంట్లు, ఎప్పుడో ఒక ఇగ్నిషన్ కాయిల్.

ఎతియాస్ 1.4 డీజిల్ 68 పీఎస్‌దే, చప్పుడు ఎక్కువ, కానీ తక్కువ ఆర్పీఎంలో లాగుడు బాగుంటుంది, మొండిది. చిక్కేమిటంటే మార్కెట్లో దొరికే ఎతియాస్‌లలో ట్రావెల్స్ బండ్లు ఎక్కువ. అమేజ్ 1.5 డీజిల్ వంద పీఎస్, హైవే మీద దీని మైలేజ్‌ను కొట్టేది తక్కువ, చప్పుడు మాత్రం క్యాబిన్‌లో గట్టిగానే వినపడుతుంది. ఎక్సెంట్‌లో మొదట వచ్చిన 1.1 డీజిల్ మూడు సిలిండర్లది, ఐడిల్‌లో (బండి నిలబడి ఇంజిన్ నడుస్తున్నప్పుడు) వణుకు సహజం, కంగారు పడక్కర్లేదు. వెర్నా 1.6 డీజిల్ 128 పీఎస్. హైదరాబాద్–బెంగళూరు దారి మీద పెబ్బేరు, కొత్తకోట వైపు వారం వారం తిరిగేవాళ్ళకు దానంత హాయి ఇంకోటి లేదు, ఖర్చూ ఆ లెక్కలోనే ఉంటుంది.

రబ్బరు టైమింగ్ బెల్ట్ ఉన్న డీజిళ్ళు వేరే జాతి. వెంటో, ర్యాపిడ్ టీడీఐలు, ఫోర్డ్ 1.5, లోగన్–వెరిటో–సన్నీలలోని రెనో 1.5 ఇందులోకే వస్తాయి. నడవడానికి మంచి ఇంజిన్లే. బెల్ట్ తెగితే మాత్రం వాల్వులు పిస్టన్‌కు తగులుతాయి, హెడ్ (ఇంజిన్ పై భాగం) దించాల్సిందే. బెల్ట్, టెన్షనర్, వాటర్ పంపు కలిపి మార్చిన బిల్లు చూపిస్తే సరే. నోటిమాట చెల్లదు. బిల్లు లేకపోతే ఆ ఖర్చు ధరలోంచి తీసేసి, కొన్న వారంలోనే మార్పించాలి. కిలోమీటర్లు తక్కువే తిరిగింది కదా అన్నా ఊరుకోవద్దు, మన ఎండకు రబ్బరు వయసుతోనూ పోతుంది. ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ ఉన్నదైతే ఆ పని తెలిసిన మనిషి హైదరాబాద్‌లోనే దొరుకుతాడని అనుకొని కొనాలి.

పేరు ఏదైనా చివరికి ఆ ఒక్క బండి ఎట్లా ఉందన్నదే లెక్క. చూడటానికి పొద్దున పోవాలి, ముందే సెల్ఫ్ కొట్టొద్దని చెప్పాలి. చేరగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే "పక్కకు తీసి పెట్టినం" అంటారు. ఇంకో రోజు వస్తామని చెప్పి రావడం మంచిది, వేడి ఇంజిన్ సగం రోగాలు దాచేస్తుంది.

చల్లగా ఉంటే ఆయిల్ క్యాప్ తిప్పి అడుగు భాగం చూడాలి. మజ్జిగ మీద వెన్నలా తెల్లగా కట్టి ఉంటే నీళ్ళు ఆయిల్‌లో కలుస్తున్నాయేమోనని అనుమానించాలి. తర్వాత సెల్ఫ్ కొట్టించి మీరు సైలెన్సర్ దగ్గర నిలబడాలి. నీలి పొగ అంటే ఆయిల్ మండుతోంది. తెల్ల పొగ నిమిషంలో పోతే ఆవిరి, వేడెక్కాక కూడా తీయటి వాసనతో వస్తుంటే హెడ్ గాస్కెట్ పోయినట్టు. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ క్యాప్ విప్పి, బిగించకుండా దాని చోటే పెట్టి చూడండి. కొద్దిగా ఊగితే ఫర్వాలేదు. ఎగిరి పక్కన పడుతూ గుప్పుగుప్పున పొగ వస్తే రింగులు అరిగాయి, మేస్త్రీ భాషలో బోర్‌కొచ్చింది.

డీజిల్‌లో ఇంకో రెండు చూడాలి. ఇంజెక్టర్ల రిటర్న్ పైపులు తీసి నాలుగు చిన్న సీసాల్లో పెట్టి రెండు నిమిషాలు ఐడిల్‌లో నడిపితే, నాలుగింట్లో డీజిల్ ఇంచుమించు ఒకే మట్టంలో ఉండాలి. ఒక్కటి రెట్టింపు నిండితే ఆ ఇంజెక్టర్ అయిపోయినట్టే. రెండోది టర్బో. గాలి గొట్టం విప్పి షాఫ్ట్‌ను వేలితో పట్టుకొని కదపండి. అటూ ఇటూ కాస్త ఊగడం సహజం, ముందుకూ వెనక్కూ కదిలితే కాదు. గొట్టంలో పలచగా జిడ్డు ఉండటం మామూలే, గుంటగా ఆయిల్ నిలిచి ఉంటే కాదు.

పది రూపాయల గుడ్డతో చేసే పరీక్ష ఒకటుంది, మన జిల్లాలకు అది అన్నిటికంటే ముఖ్యం. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ క్యాప్ విప్పి అంచు లోపల గుడ్డ చుట్టిన వేలితో తుడవండి. క్యాప్ లేని రకమైతే కూలెంట్ డబ్బా మూత తీసి చూడండి. కూలెంట్ రంగు శుభ్రంగా ఉండాలి. గుడ్డకు తెల్లని సున్నంలా, ఎర్రమట్టిలా అంటిందంటే ఇన్నాళ్ళూ బోరు నీళ్ళు పోశారన్నమాట. ఫ్లోరైడ్‌తో పేరుపడ్డ నీళ్ళు మనవి. కానీ రేడియేటర్‌ను చంపేది ఫ్లోరైడ్ కాదు, అదే నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం. నీళ్ళు కాచే గిన్నెకు కట్టినట్టే ఇంజిన్ లోపలి సన్న దారులకూ పొలుసు కడుతుంది. మే నెలలో నలభై నాలుగు డిగ్రీల ఎండలో ఏసీ వేసి నిలబెడితే ఉష్ణోగ్రత ముల్లు పైకి లేస్తుంది, అల్యూమినియం హెడ్ వంగుతుంది. మిషన్ భగీరథ నల్లా నీళ్ళు తాగడానికే, రేడియేటర్‌కు కాదు. కలిపి అమ్మే కూలెంట్, లేదా డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలిపింది మాత్రమే పోయాలి.

బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్లు చదివే స్కానర్ పెట్టించుకోండి. కోడ్లు ఏమీ లేవంటే సంబరపడొద్దు, కోడ్లు చెరిపేశాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూపమనండి. చాలా బండ్లలో ఆ అంకె కనపడుతుంది. పన్నెండు కిలోమీటర్లే అని వస్తే నిన్ననో మొన్ననో ఏదో దాచారు.

మీటర్ తిప్పారేమో తెలుసుకోవడానికి వెనక సీటు చూడాలి. ఇంటి బండిలో డ్రైవర్ సీటు, ముందు ఎడమ సీటు అరుగుతాయి. ట్రావెల్స్ బండిలో వెనక ఎడమ తలుపు పిడి, ఆ పక్క సీటు అంచు అరుగుతాయి. ఆర్సీ చరిత్రలో మోటార్ క్యాబ్ అని ఎప్పుడైనా ఉందేమో కూడా చూడండి.

కాగితాల సంగతి రెండు ముక్కల్లో. కర్నూలు, రాయచూరు వైపు నుంచి పాలమూరుకు తక్కువ ధరకు వచ్చే బండ్లకు ఎన్ఓసీ (అక్కడి రవాణా ఆఫీసు ఇచ్చే అభ్యంతరం లేదన్న కాగితం)తోపాటు ఇక్కడి లైఫ్ ట్యాక్స్ ఖర్చూ కలుపుకోవాలి. ఢిల్లీలో పాత డీజిల్ బండ్ల మీద ఆంక్షల వల్ల అక్కడివి దక్షిణాదికి చవగ్గా వస్తుంటాయి, వాటికీ ఇదే లెక్క. ఇంజిన్ మీద కొట్టిన నంబరు ఆర్సీతో సరిపోవాలి. పదిహేనేళ్ళ గడువుకు దగ్గరపడ్డ బండి అయితే ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ పొడిగించుకునే పని మీ నెత్తిన పడుతుంది.

పెట్రోల్ కొనేవాళ్ళకు ఒక మాట. ఇప్పుడు బంకుల్లో పోసేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. 2023కు ముందు బండ్లలో చాలావరకు దానికోసం చేసినవి కావు. మైలేజ్ కొంచెం తగ్గుతుంది. ఇంధనం పారే రబ్బరు పైపులు పగుళ్ళిచ్చాయేమో చూసుకోవాలి. నెలల తరబడి నిలబెట్టిన బండి అయితే ట్యాంకు అడుగున నీళ్ళు చేరే అవకాశం ఉంది, ఆ పాత పెట్రోల్ తీసేయాలి.

కొన్నాక మొదటి వారంలో ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, గాలి ఫిల్టర్, డీజిల్ అయితే డీజిల్ ఫిల్టర్, కూలెంట్ అన్నీ మార్చేయండి. ఆయిల్ పోశాక చదునైన చోట నిలబెట్టి గేజ్ మీద ఆయిల్ గీత ఎక్కడుందో ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. వెయ్యి కిలోమీటర్లకు మళ్ళీ అదే చోట, అంతే చల్లగా ఉన్నప్పుడు తీయండి. రెండు ఫోటోల మధ్య గీత గేజ్‌లో పావు వంతు దిగితే కంగారు లేదు, కాకపోతే చూస్తూ ఉండాలి. సగానికి దిగితే పాత యజమాని డిక్కీలో ఆయిల్ డబ్బా ఎందుకు పెట్టుకున్నాడో మీకు అర్థమైపోతుంది.