ఇత్తడి మురుకుల గొట్టం: 14 సంక్రాంతుల వాడకం తర్వాత

2011 డిసెంబరులో, పండుగ నెల పట్టిన వారానికి, నెల్లూరు పెద్దబజారులోని ఒక పాత్రల అంగడిలో ఈ ఇత్తడి మురుకుల గొట్టాన్ని తూకం లెక్కన కొన్నాం. సరిగ్గా 1 కిలో 400 గ్రాములు తూగింది. అప్పటినుంచి 2025 సంక్రాంతి వరకు 14 పండుగలకు, మధ్యలో రెండు పెళ్లిళ్ల సారెకు, లెక్కపెట్టుకోని చిన్నాచితకా సందర్భాలకు దీన్నే వాడాను. కొన్న నెలలోనే రాసి ఉంటే ఇది పొగడ్తగా మిగిలేది. ఇప్పుడు దీని మంచీ చెడూ రెండూ నా చేతికి, ముఖ్యంగా నా కుడి మణికట్టుకు, బాగా తెలుసు.

వస్తువు ఎట్లా ఉంటుందో ముందు చెప్పాలి. ఇది మర తిప్పే రకం కాదు. అడుగున బిళ్ళ అమర్చే గొట్టం ఒకటి, అందులోకి దిగే ఒత్తుడు దిమ్మె ఒకటి, రెండింటికీ చెరో రెండు పిడులు ఉంటాయి. పిండి నింపి, పై పిడులను కింది పిడులవైపు రెండు చేతులతో నొక్కాలి. గుంటూరువైపు వాళ్లు దీన్ని జంతికల గొట్టం అంటారు, ఇంకొన్నిచోట్ల గిద్దలు అంటారు, మాకు మాత్రం మురుకుల గొట్టమే. దీనితో 5 బిళ్ళలు వచ్చాయి. సన్న కారప్పూసకు ఒకటి, లావు కారప్పూసకు ఒకటి, మూడు కన్నుల మురుకుల బిళ్ళ, రిబ్బను పకోడీకి పొడుగు చీలికలది, ఒంటి పువ్వు బిళ్ళ. ఈ 14 ఏళ్లలో నేను నిజంగా వాడినవి మూడే. లావు కారప్పూస బిళ్ళ ఎందుకు ఇచ్చారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

మా ఇంటి పండుగ పని ఎంతో తెలియకపోతే ఈ సమీక్షకు అర్థం ఉండదు. మేము మూలాపేటలో ఉంటాం. భోగికి చెన్నై నుంచి ఆడపడుచుల కుటుంబాలు పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో దిగుతాయి, కోవూరు దగ్గరి పల్లె నుంచి మా మామగారి తమ్ముళ్ల పిల్లలు వస్తారు. తినేవాళ్లు ఇంట్లోనే పదహారు మంది, వాళ్లు తిరిగి వెళ్లేటప్పుడు కట్టి ఇవ్వవలసిన డబ్బాలు వేరు, వీధిలో పంచే పళ్లేలు వేరు. అందువల్ల ఏటా మురుకులకే 5 కిలోల బియ్యప్పిండి, దానికి తగిన మినప్పిండి కలుపుతాం. వెన్న, నీళ్లు చేరాక అది సుమారు 10 కిలోల ముద్ద అవుతుంది. గొట్టంలో ఒకసారికి 300 గ్రాములకు మించి పట్టదు కాబట్టి తక్కువలో తక్కువ 30 సార్లు నింపి ఒత్తాలి. ఇదంతా ఒక పూటలో తేలాలి, ఎందుకంటే మర్నాడు అరిసెల పని ఉంటుంది. తడిపిండి మర దగ్గర పండుగ వారంలో ఎంత వరుస ఉంటుందో నెల్లూరులో ఉన్న ఎవరికైనా తెలుసు. పిండి ఆడించుకొచ్చాక తడి ఆరకముందే పాకంలో పడాలి, మురుకులు ఇంకా మిగిలి ఉన్నాయంటే అది వినదు.

ఈ పని ఒత్తిడిలోనే ఇత్తడి గొట్టం తన విలువ చూపింది. దీనికి ముందు మా అత్తగారి కాలంనాటి చెక్క గొట్టం ఉండేది. అది నూనె పీల్చి నల్లబడి, ఒక డిసెంబరులో తీసి చూస్తే అడుగున నిలువునా పగిలి ఉంది. 2016లో, ఒక్కదాన్నే చేసుకోవలసిన రోజులకు ఉంటుందని, మర తిప్పే స్టీలు గొట్టం కూడా కొన్నాను. నాలుగైదు వాయిల వరకు అది హాయిగా ఉంటుంది, చేతికి బరువు తెలియదు. పదో వాయికి మర గాళ్లలో పిండి ఇరుక్కొని, పిడి తిప్పుతుంటే గొట్టమే చేతిలో తిరగడం మొదలవుతుంది. ఒక చేత్తో గొట్టాన్ని బిగించి పట్టి, ఇంకో చేత్తో పిడి తిప్పుతూ, కాగుతున్న నూనెమీద చుట్టు చుట్టడం నాకు ఎప్పుడూ కుదరలేదు. చుట్టు కుదరక అవి మురుకులు కాకుండా ముక్కలయ్యాయి. ఇత్తడిదానిలో రెండు చేతులూ ఒకే పని చేస్తాయి, కాబట్టి మణికట్టు కాస్త కదిపితే చుట్టు దానంతటదే పడుతుంది. మొదటి ఏడాది నేను వేళ్లతో బిగించి ఒత్తుతూ చెమటలు కక్కుతుంటే మా అత్తగారు పక్కన కూర్చుని, “ఒత్తేది వేళ్లతో కాదుమే, భుజంతో. నిలబడి ఒత్తు” అన్నారు. ఆ ఒక్క మాటతో సగం శ్రమ తగ్గింది. ఈ గొట్టం కొన్నవాళ్లకు నేను ఇచ్చే మొదటి సలహా కూడా అదే. పొయ్యి నడుముకన్నా కిందికి ఉండాలి, మనిషి నిలబడి ఉండాలి, మోచేతులు ఒంటికి దగ్గరగా ఉండాలి.

అయితే ఇందులో దాచకూడని ఇబ్బందులు ఉన్నాయి.

మొదటిది చిలుము. 2015లో పండుగ హడావుడిలో గొట్టాన్ని పైపైన కడిగి అటకమీద పెట్టాను. బిళ్ళ కూర్చునే అంచులో కొద్దిగా ఉప్పు పిండి మిగిలిపోయింది. శివరాత్రికి తీసి చూస్తే లోపలి అంచు చుట్టూ పచ్చగా చిలుము పట్టి ఉంది. ఇత్తడిలో ఉన్న రాగికి ఉప్పు, తేమ తోడైతే జరిగేది అదే. చింతపండు, ఉప్పు వేసి తోమి, వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టాక కూడా మనసు ఒప్పక మొదట ఒత్తిన పిండిని పారేశాను. వంట పాత్రలకు పోసినట్టు దీనికీ కళాయి పోయించవచ్చు కదా అని అడిగేవాళ్లు ఉన్నారు. నేనూ అడిగాను. దిమ్మె ప్రతి వాయికీ గోడను రాసుకుంటూ దిగుతుంది కాబట్టి కళాయి నిలవదని కళాయి పోసే ఆయనే చెప్పి పంపించారు. కాబట్టి ఒకటే దారి. కలిపిన ముద్దను గొట్టంలో నానబెట్టకూడదు, భోజనానికి లేచినా సరే ఖాళీ చేసి లేవాలి. పుల్ల మజ్జిగ పోసి కలిపే పిండికి ఈ గొట్టం వాడకపోవడం మంచిది. పని అయిన రోజే చింతపండుతో తోమి, పొడిగుడ్డతో తుడిచి, బిళ్ళలను విడిగా ఎండలో పెట్టాలి. ఇది ఏటా ఒక అరగంట పని. అరిసెలు వండి నడుము విరిగిన రాత్రి ఆ అరగంట ఎంత పొడుగ్గా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

రెండోది అతుకు. 2019లో ఒక పిడి అతుకు దగ్గర వెంట్రుకవాసి చీలిక కనిపించింది. కొన్న అంగడికి తీసుకువెళితే, గట్టి పిండి వేసి బలవంతంగా ఒత్తి ఉంటారని తప్పు నామీదే పెట్టారు. అందులో కొంత నిజం ఉండవచ్చు. కానీ బలంగా ఒత్తడానికే చేసిన వస్తువు బలంగా ఒత్తితే చీలిందంటే ఆ మాట నాకు రుచించలేదు. పాత ఇత్తడి కింద ఇచ్చేస్తే తూకానికి కొంత తగ్గించి కొత్తది ఇస్తామన్నారు. ఒప్పుకోలేదు. ఇంకోచోట అతుకు వేయించాను, ఇప్పటికి ఆరు పండుగలు నిలిచింది. చూడటానికి మాత్రం పిడి మీద మెతుకు అంటుకున్నట్టు ఉంటుంది.

మూడోది గొట్టం తప్పు కాదు, నా తప్పు, అయినా చెప్పి తీరాలి. 2018లో తొందరపడి ముద్దను ముక్కలు ముక్కలుగా గొట్టంలోకి కుక్కాను. మధ్యలో గాలి నిలిచింది. ఒత్తుతున్నప్పుడు టప్‌మని శబ్దం వచ్చింది, పట్టించుకోలేదు. గాలి బుడగతో దిగిన ఆ మురుకు నూనెలో పేలి ముంజేతిమీద చుక్కలు పడ్డాయి. మచ్చలు రెండేళ్లు ఉన్నాయి. పిండిని గొట్టం లోపలి కొలతకు తగ్గట్టు తడిచేత్తో ఒకే కడ్డీగా చేసి దించాలి, పైనుంచి బొటనవేలితో అదమాలి. మినప్పిండి జల్లించకపోయినా పలుకులు ఇట్లాగే పేలతాయి, సన్న బిళ్ళలో అడ్డం కూడా పడతాయి. నువ్వులు వేసే ఇంట్లో కారప్పూస బిళ్ళ జోలికి పోకపోవడమే మేలు. మా ఇంట్లో నువ్వులు, వాము రెండూ పడాలి కాబట్టి మూడు కన్నుల బిళ్ళే మాకు గతి.

ఇక 2021 సంగతి. కరోనా భయంతో ఆ ఏడాది ఎవరూ రాలేదు. నలుగురికోసం ఒక కిలో పిండి కలిపాను. అప్పుడు తెలిసింది, ఈ గొట్టం చిన్న పనికి ఎంత పనికిరానిదో. దిమ్మె ఎంత అదిమినా అడుగున బిళ్ళమీద వేలు మందాన పిండి మిగులుతుంది. 30 వాయిలు వేసే రోజున మళ్లీ పైనుంచి ముద్ద పడి అది కలిసిపోతుంది కాబట్టి ఎవరికీ కనిపించదు. ఆరేడు వాయిల రోజున దాన్ని తవ్వి తీసి, చేత్తో నాలుగు ఉండలు చేసి నూనెలో వేయాల్సి వచ్చింది. వాటిని తిన్నది మా మామగారు ఒక్కరే. బ్యాటరీతో నడిచే తుపాకీలాంటి యంత్రం ఒకటి మా మరిది తెచ్చాడు. అది గట్టి పిండిని ఒత్తలేక మూలిగింది, పిండి పలుచన చేస్తే మురుకు నూనె తాగింది. దాని గురించి ఇంతకన్నా రాయడం దండగ.

నూనె తాగడం అంటే గుర్తొచ్చింది. మా ఇంట్లో పొయ్యి పక్కన పసుపు ముద్ద వినాయకుడిని పెట్టి, మొదటి వాయిలోని మొదటి మురుకును ఆయన ముందు ఉంచాకే రెండో వాయి దించుతారు. పెద్దలకు బట్టలు పెట్టే సంక్రాంతి రోజు కోసం ఒక డబ్బా విడిగా తీసి మూత బిగిస్తారు, పిల్లలు దాన్ని ముట్టరు. బాణలి పొయ్యిమీద ఉన్నంతసేపు నూనె ఎంత అయిందని ఎవరూ పైకి అడగకూడదు, అడిగితే బాణలి తాగేస్తుందని మా అత్తగారి నమ్మకం. నాకు తెలిసినంతలో తాగేది పిండి జారుగా ఉన్నా, నూనె సరిగా కాగకపోయినా. ఆ మాట నేను ఆమె ముందు ఎప్పుడూ అనలేదు. మొదటి మురుకును ఒత్తే హక్కు కూడా ఆమెదే. 78 ఏళ్ల వయసులో 1 కిలో 400 గ్రాముల ఇత్తడిని, 300 గ్రాముల పిండితో సహా, కాగే నూనెమీద ఎత్తి పట్టుకోవడం అయ్యే పని కాదు. గత రెండేళ్లుగా పై పిడులు ఆమె పట్టుకుంటే, కింది పిడులు నేను మోస్తున్నాను. అట్లా నాలుగు చేతులతో చుట్టిన మురుకు గుండ్రంగా రాదు, గుమ్మడి తీగలా వస్తుంది. పిడులు రెండు జతలుగా ఉండటంవల్లే అది కుదిరింది, మర గొట్టంలో కుదిరేది కాదు. ఈ ఉపయోగాన్ని అంగడిలో ఎవరూ చెప్పరు.

ఇప్పుడు కొనదలచినవాళ్లకు రెండు మూడు మాటలు. తళతళలు చూడవద్దు. దిమ్మెను గొట్టంలోకి దించి, అడుగు బిళ్ళ కన్నాలను అరచేత్తో మూసి, మెల్లగా నొక్కండి. లోపలి గాలి ఎదురు తన్నినట్టు చేతికి తెలియాలి. ఏ అడ్డూ లేకుండా జారిపోతే సందు ఎక్కువని అర్థం. అటువంటిదానిలో పిండి కిందికి దిగకుండా దిమ్మె పక్కలనుంచి పైకి ఎక్కి, వాయి వాయికీ గోకి తీయవలసి వస్తుంది. పిడుల అతుకులను గోటితో తడిమి చూడండి. బిళ్ళలు గాడిలో వదులుగా ఆడకూడదు. ఒక బిళ్ళ పోతే విడిగా దొరకడం కష్టమని నాకు అనుభవం, కొలత ఇంట్లోంచి పట్టుకెళ్లినా సరిపోయేది దొరకలేదు. ఏటా రెండు కిలోల పిండికి మించి చేయని ఇంటికి, పక్కన సాయానికి మనిషి లేని ఇంటికి, మణికట్టు నొప్పి ఉన్నవాళ్లకు నేను దీన్ని చెప్పను. వాళ్లకు కాస్త మందం రేకుతో చేసిన మర గొట్టమే నయం. ఐదు కిలోలు కలిపే ఇంటికి మాత్రం చిలుము బాధ, బరువు బాధ పడినా ఇదే తీసుకోమంటాను, మళ్లీ కొనవలసి వస్తే నేనూ ఇదే కొంటాను.

ప్రస్తుతం గొట్టం మా ఇంట్లో లేదు. పండుగ నెలలో దానికి మా వీధిలో ఒక వరుస ఉంటుంది. మా పని అవగానే ఎదురింటికి, అక్కడినుంచి మూల ఇంటికి, ఆపైన వెనక వీధికి పోతుంది. పండుగ చివర్లో పెన్నా ఒడ్డున ఏటి పండుగకు వెళ్లినప్పుడు, మా గొట్టంతో ఒత్తిన మురుకులే మూడు వేర్వేరు డబ్బాల్లోంచి మా చాపమీదికి వచ్చాయి. వాటిలో వెనక వీధివాళ్లవే బాగున్నాయి, వెన్న దండిగా వేశారు. గొట్టాన్ని ఉగాదిలోపు తెచ్చుకోవాలి, చింతపండుతో తోమారో లేదో చూడాలి, ఒంటి పువ్వు బిళ్ళ అందులో ఉందో లేదో లెక్క చూసుకోవాలి.